పలాస వైపు ఊళ్లో గాయాల శిబిరం పెట్టే ముందు జాగ్రత్తలు

• ముందు సీసాలు వేరు చేయండి. ఒంటికి పూసేది యాంటీసెప్టిక్: పొవిడోన్ అయోడిన్, 70 శాతం స్పిరిట్. బల్లకీ నేలకీ వాడేది డిస్‌ఇన్ఫెక్టెంట్: బ్లీచింగ్, ఫినాయిల్. ఇవి పుండుకి తగలనివ్వకండి.

• కత్తెర, ఫోర్సెప్స్ (పట్టకారు) లాంటి వాటికి ఆ రెండూ చాలవు, స్టెరిలైజేషనే (క్రిములన్నిటినీ పూర్తిగా చంపడం) కావాలి. నీళ్లలో మరిగిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. మరిగినా, మట్టిలో ఉండే ధనుర్వాతం స్పోర్లు (ఆ క్రిమి గట్టి పొర కట్టుకున్న రూపం) బతికే ఉండొచ్చు. జీడితోటల మట్టిలో తిరిగే కాళ్లకి ఆ భయం మరీ ఎక్కువ. రక్తం మరకలు పూర్తిగా కడిగాకే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఉన్న ఆవిరితో క్రిముల్ని చంపే పరికరం) పెట్టండి: 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, గుడ్డలో చుట్టిన మూటైతే 30 నిమిషాలు.

• బ్లీచింగ్ నీళ్లు ఏ రోజువి ఆ రోజే కలపండి. యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది.

• కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్ పోయొద్దు. శిబిరానికి పిల్లలూ వస్తారు.