వెబ్ పేజీ రాద్దాం – 4వ పాఠం: హెడ్‌లో దూరిన బొమ్మ

పోయిన పాఠం చివర చెప్పినట్టు మీ పేజీని వ్యాలిడేటర్‌లో, అంటే కోడ్‌లో తప్పులు వెతికే పనిముట్టులో, పెట్టి చూశారా? తప్పుల జాబితా చూసి బెదిరిపోయినవారు ఉంటే ఈ పాఠం వారికే.

ముందుగా ఒక మాట. మార్కప్‌లో, అంటే ట్యాగులతో రాసిన పేజీ కోడ్‌లో, తప్పుల్లేనంత మాత్రాన గూగుల్ మీ పేజీని పైకి తెచ్చి కూర్చోబెట్టదు. అలా చేయిస్తామని డబ్బు అడిగేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. చిక్కు వేరే చోట ఉంది. మన తప్పును బ్రౌజర్ సర్దుతుంది, కానీ అది మనం అనుకున్నట్టే సర్దాలని లేదు.

2000లో వచ్చిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0కు, అంటే ఎక్స్ఎంఎల్ కఠిన నియమాలతో రాసే హెచ్‌టీఎంఎల్‌కు, మొహమాటం లేదు. దాన్ని ఎక్స్ఎంఎల్‌గానే పంపితే, ఒక్క ట్యాగ్ మూయకపోయినా తెర మీద దోష సందేశమే. ఇప్పటి హెచ్‌టీఎంఎల్ మెతక మేస్టారు. మార్కులు తగ్గించరు, కానీ మన జవాబును తానే దిద్ది రాసేస్తారు.

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జి పేజీ నా దగ్గరికి వచ్చింది. గదుల పేజీ ఒక్కటే అయినా, తేదీ మార్చినప్పుడల్లా చిరునామాకు కొత్త తోక వస్తుంది. అసలు చిరునామా ఇదీ అని చెప్పే కెనానికల్ లింకు హెడ్‌లో, అంటే పేజీ గురించిన వివరాలుండే పై భాగంలో, ఉంది. అయినా సెర్చ్‌లో మాత్రం ఎప్పుడో అయిపోయిన బ్రహ్మోత్సవాల తేదీల తోకే కనిపిస్తోంది.

సోర్సు, అంటే రాసినది రాసినట్టుండే పేజీ కోడ్, తెరిచాను. కెనానికల్‌కు సరిగ్గా పై వరుసలో, సందర్శకులను లెక్కపెట్టే చుక్కంత బొమ్మ. ఇమేజ్ ట్యాగ్‌కు హెడ్‌లో చోటు లేదు. అది కనబడగానే పార్సర్, అంటే బ్రౌజర్‌లో కోడ్‌ను చదివే భాగం, హెడ్‌ను మూసేసి, తెర మీద కనబడేవి ఉండే బాడీని మొదలుపెడుతుంది. కిందున్న కెనానికల్ బాడీలో పడింది. బాడీలో ఉన్న కెనానికల్‌ను గూగుల్ పట్టించుకోదు. "పేజీ బాగానే ఉంది కదండీ" అన్నారు యజమాని. కంటికి నిజంగానే బాగుంది!

బొమ్మను బాడీ చివరికి మార్చాను, అంతే. గూగుల్ మళ్లీ వచ్చి చదివేదాకా ఓపిక పట్టాలి.

వ్యాలిడేటర్ జాబితాలో హెడ్ తప్పులను ముందు చూడండి. మిగతావి తీరిగ్గా.

అభ్యాసం: మీ పేజీలో కావాలనే కెనానికల్ పైన ఒక బొమ్మ పెట్టండి. సోర్సును, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో అది సర్దుకున్న రూపాన్ని చూపే ఎలిమెంట్స్‌ను పక్కపక్కన తెరవండి. రెండింటిలో కెనానికల్ ఎక్కడుందో రాసుకోండి. బొమ్మను తీసేయడం మరవకండి. వచ్చే పాఠంలో, నొక్కితే పనిచేస్తూనే గూగుల్‌కు కనబడని లింకుల సంగతి చూద్దాం.