ఫాస్ఫేట్ దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతోందా? రాయిని అనుమానించండి

"అన్నా, ఫాస్ఫేట్ 0.3 దాటింది, ఏం వెయ్యమంటావ్?" అని రీఫ్ ట్యాంకు (ఉప్పునీళ్లలో చేపలూ పగడాలూ, అంటే కోరల్స్, పెంచే అక్వేరియం) ఉన్నవాళ్ల నుంచి ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే. ట్యాంకులో పొయ్యడానికి కలిపి పెట్టుకున్న కొత్త ఉప్పునీళ్లని అదే కిట్‌తో చూశారా? అటు వైపు నిశ్శబ్దం. అడిగి అడిగి విసుగొచ్చింది గానీ ఇంకా అడుగుతూనే ఉన్నాను.

సమస్య: వారం వారం నీళ్లు మారుస్తున్నా ఫాస్ఫేట్ దిగట్లేదు

ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్లలో పైపుల సీసం నీళ్లలోకి దిగకుండా కుళాయి నీళ్లకి ఆర్థోఫాస్ఫేట్ కలుపుతారు. ఆర్ఓ ఫిల్టర్ చాలావరకు ఆపుతుంది, మిగిలింది దాని తర్వాత ఉండే డీఐ రెసిన్ (కరిగిన లవణాల్ని పట్టేసే గుళికలు) పట్టుకోవాలి. రెసిన్ అయిపోయిందంటే మీరు పోస్తున్నదే ఫాస్ఫేట్. డీఐ దాటాక టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 0 ఉండాలి. "రెండే కదా" అనుకోకండి, రెసిన్ మార్చండి.

మీటర్ దేన్ని చూపిస్తోందో కూడా గమనించండి. హానా కంపెనీ చెకర్లలో (చేతిలో పట్టే చిన్న మీటర్లు) ఒక రకం ఫాస్ఫరస్‌ని పీపీబీలో (లీటరుకి మైక్రోగ్రాములు) చూపిస్తుంది. దాన్ని 3.066తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో (లీటరుకి మిల్లీగ్రాములు) వస్తుంది, ఇక్కడ చెప్పే ఫాస్ఫేట్ అంకెలన్నీ ఇందులోనే. అంటే 33 కనబడితే 0.1 అన్నమాట, కంగారు పడక్కర్లేదు. గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా అంకె మారిపోతుంది, తుడిచి పెట్టండి.

సమస్య: రాళ్ల మీద పచ్చగా నాచు, టెస్ట్ మాత్రం సున్నా

ఫాస్ఫేట్‌ని నాచే తాగేస్తోంది. చేత్తో పీకి బయట పారెయ్యండి. సున్నా చూపిస్తున్న ట్యాంకులో జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వెయ్యకండి.

సమస్య: జీఎఫ్ఓ వేస్తే దిగుతుంది, నాలుగు రోజులకి మళ్లీ మొదటికొస్తుంది

నన్ను ముంచింది ఇదే. నాది 20 గ్యాలన్ల ట్యాంకు. ఎవరో ట్యాంకు మూసేస్తుంటే రాళ్లు చవగ్గా తెచ్చుకున్నాను. బ్లీచ్‌లో నానబెట్టి, కడిగి ఆరబెడితే ముగ్గురాయిలా తెల్లగా మెరిశాయి. మూడో నెలలో ఫాస్ఫేట్ 0.42. జీఎఫ్ఓ సంచి వేశాను, మర్నాటికి 0.11. ఐదు రోజులకి మళ్లీ 0.38. మేత తగ్గించాను, పాపం చేపలు నేను కనబడితే చాలు అద్దానికి అతుక్కుపోయేవి. అయినా దిగలేదు. పంతం కొద్దీ జీఎఫ్ఓ రెట్టింపు చేశాను. తెల్లారేసరికి 0.02. టార్చ్ కోరల్ ముడుచుకుపోయింది. వారం తిరిగేలోపు బర్డ్స్‌నెస్ట్ అనే ఇంకో కోరల్ కొమ్మల మొదళ్ల దగ్గర చర్మం ఊడి తెల్లటి ఎముక బయటపడింది. ఫాస్ఫేట్ మాత్రం మళ్లీ ఎక్కింది.

జరిగేది ఇదీ. రీఫ్ రాయి, ఇసుక కాల్షియం కార్బొనేట్. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువుంటే రాయి ఒంటికి పట్టించుకుంటుంది, నీళ్లలో తగ్గితే వదులుతుంది. పాత యజమాని ఏళ్ల తరబడి వేసిన మేతంతా ఆ రాళ్లలో దాగుంది. బ్లీచ్ కుళ్లుని తీస్తుంది గానీ రాయికి పట్టిన ఫాస్ఫేట్‌ని కాదు. మనం నీళ్లని ఖాళీ చేస్తుంటే రాయి వెనకనుంచి నింపుతూ ఉంటుంది.

రూఢి చేసుకోవడం తేలిక. శుభ్రమైన బకెట్లో కొత్త ఉప్పునీళ్లు పోసి ఫాస్ఫేట్ చూడండి. ఒక రాయి తీసి అందులో పెట్టి, చిన్న పంపూ హీటరూ వేసి, రెండు రోజులయ్యాక మళ్లీ చూడండి. మేత లేదు, చేప లేదు, అయినా 0.15, 0.2 అని ఎక్కిందంటే దొంగ దొరికినట్టే. ఇసుకకీ ఇదే పరీక్ష.

దీనికి మందు ఓపిక. డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు జీఎఫ్ఓ మాత్రమే, ఆర్ఓ నీళ్లలో ఎర్ర బురద పోయేదాకా కడిగి, నీళ్లు కదిలే చోట వెయ్యండి. రెండు రోజులకోసారి టెస్ట్. మళ్లీ ఎక్కడం మొదలయ్యాకే సంచి మార్చాలి. 0.05, 0.1 మధ్య నిలబడితే చాలు, సున్నా మీద మోజు వద్దు. సున్నా దగ్గర డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు, జిగురు నాచులా పరుచుకునే సూక్ష్మజీవులు) కాచుక్కూచుంటాయి. కేహెచ్ (నీళ్ల క్షారత) కూడా చూస్తూ ఉండండి, కొత్త సంచి వేసినప్పుడు దిగొచ్చు. నాకు ఇలా నాలుగు నెలలు పట్టింది. ట్యాంకు ఇంకా మొదలెట్టనివాళ్లయితే పాత రాళ్లకి ముందే వేరే డబ్బాలో ఈ పని చేసెయ్యండి.

ఫాస్ఫేట్ తీసే ఇంకో మందు లాంతనం క్లోరైడ్ ఉంది, చిన్న ట్యాంకులో వద్దు. చుక్క ఎక్కువైతే నీళ్లు పాలలా మారతాయి, కేహెచ్ పడిపోతుంది, చేపలు ఊపిరాడక పైకొస్తాయి.

మేత సంగతి ఒక్క లెక్క. గుళికల డబ్బా మీద ఫాస్ఫరస్ 1 శాతం అని ఉంటే, ఒక గ్రాములో 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉన్నట్టు. 60 లీటర్ల నీళ్లలో అదంతా కరిగితే 0.5. చిటికెడు తగ్గించండి, పస్తు పెట్టకండి.

ఉప్పు బ్రాండు బాలేదనీ, ఫిల్టర్లో వేసే కార్బన్‌లోంచి కారుతోందనీ అంటుంటారు. అరుదు. అయినా మొదట్లో చెప్పిన కొత్త ఉప్పునీళ్ల టెస్ట్ చేసుంటే ఉప్పు సంగతి అప్పుడే తేలిపోయేది.