స్విచ్ మార్చాక నెట్ పోయిందా? చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో సమస్యలు - పరిష్కారాలు

నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే రౌటర్‌కి సాధారణంగా నాలుగు ల్యాన్ పోర్టులు (ఆఫీసు సిస్టమ్‌ల వైర్లు గుచ్చే సాకెట్లు) ఉంటాయి. ఆఫీసులోకి ఐదో సిస్టమ్ వచ్చిన రోజున స్విచ్ (వచ్చిన ఒక వైరుని చాలా సిస్టమ్‌లకి పంచే డబ్బా) కొంటారు. మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో సెట్ చేయడానికంటూ ఏమీ ఉండదు. కరెంటు ఇచ్చి, రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి ఒక వైరు తెచ్చి గుచ్చి, మిగతా పోర్టుల్లో సిస్టమ్‌లు, ప్రింటర్ తగిలిస్తే పని అయిపోవాలి. అయినా మర్నాడే ఫోన్ వస్తుంది: "కొత్త స్విచ్ పెట్టాక అంతా పాడైందండీ".

నేను వెళ్లి చూసినవాటిలో నిజంగా స్విచ్ తప్పు ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు ఎక్కువగా గోడలోని వైరులోనో, జాక్ క్రింపింగ్‌లోనో (వైరు చివర ప్లాస్టిక్ జాక్ బిగించడంలోనో), మూల టేబుల్ మీద ఎవరో పెట్టి మర్చిపోయిన పాత వైఫై డబ్బాలోనో ఉంటుంది. స్విచ్‌ని సంచీలో వేసుకుని షాపుకి బయల్దేరే ముందు ఇవి చూడండి. ఫోన్‌లో జనం చెప్పే మాటలనే తలకట్లుగా పెట్టాను.

"పోర్టు దగ్గర లైటే వెలగట్లేదు"

లైటు వెలగలేదంటే ఐపీ అడ్రస్‌ల (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే నంబర్ల) జోలికి అప్పుడే వెళ్లొద్దు. వైరు ఈ చివర నుంచి ఆ చివరకి అసలు అందలేదని అర్థం. బాగా పనిచేస్తున్న పక్క సిస్టమ్ ప్యాచ్ కార్డు (రెండు చివర్లా జాక్ ఉన్న చిన్న వైరు) తీసి ఇక్కడ పెట్టండి. వెలిగితే పాత కార్డు పోయినట్టు. వెలగకపోతే స్విచ్‌లో వేరే పోర్టు మార్చి చూడండి. అప్పటికీ లేదంటే సిస్టమ్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ డిజేబుల్ అయి ఉందేమో చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడూ కలిపి మార్చేస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, వచ్చే నెల మళ్లీ మొదటికొస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే గోడలో వెళ్లిన వైరు మీద అనుమానం పెట్టుకోవాలి. ఫాల్స్ సీలింగ్ పైన ఎలుకలు కొరికి ఉండొచ్చు, లేదా జాక్‌లో ఒక తీగ చివరిదాకా వెళ్లి ఉండకపోవచ్చు. కేబుల్ టెస్టర్ రెండు చివర్లా పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలగాలి. ఏ అంకె వెలగలేదో ఆ తీగే తెగింది. జాక్ కోసేసి మళ్లీ క్రింప్ చేయడమే పని. వరస అందరికీ కంఠతా వచ్చినదే: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్.

ఈ వరస ఎందుకని అడిగే కుర్రాళ్లున్నారు. "రెండు చివర్లా ఒకేలా ఉంటే చాలు కదన్నా" అంటారు. చాలదు. ఆరెంజ్ జత, బ్లూ జత, గ్రీన్ జత, బ్రౌన్ జత అని రెండేసి పక్కపక్కన పెట్టి క్రింప్ చేస్తే టెస్టర్‌లో 8 లైట్లూ వరసగానే వెలుగుతాయి. కానీ స్విచ్ లెక్కలో 3, 6 పిన్నులు ఒక జత. ఇక్కడ 3లోకి బ్లూ జత తీగ వచ్చింది, 6లోకి గ్రీన్ జత తీగ వెళ్లింది. ఒకదానికొకటి మెలిపడి ఉన్న తీగలే ఒకదాని రొదని ఒకటి కొట్టేసుకుంటాయి. జత విడిపోతే ఆ లాభం పోతుంది. చిన్న వైరులో ఎలాగో నెట్టుకొస్తుంది, ముప్ఫై నలభై మీటర్లు దాటితే లింకు వస్తూ పోతూ ఉంటుంది. టెస్టర్ బాగుందంటుంది, నెట్ బాగుండదు. అలాంటిచోట జాక్‌ని వెలుతురులో పెట్టి రంగులు కళ్లతో చూసుకోవాల్సిందే.

"నెట్ వస్తోంది గానీ ఫైలు కాపీ అవడానికి యుగం పడుతోంది"

విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. స్విచ్, సిస్టమ్ రెండూ గిగాబిట్ అయినా 1000 బదులు 100 చూపిస్తే వైరుదే తప్పు అనుకోవచ్చు. 100 మెగాబిట్‌కి 1, 2, 3, 6 పిన్నుల్లోని నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. బ్లూ, బ్రౌన్ తీగల్లో ఒకటి పోయినా చాలాసార్లు లింకు పోదు, 100కి దిగి పనిచేస్తుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. సర్వర్‌లోంచి ఫైలు కాపీ చేస్తే సెకనుకి 11, 12 మెగాబైట్ల దగ్గరే ఆగిందంటే అది 100 లింకే. గిగాబిట్ అయితే, డిస్కు తట్టుకుంటే, 100 దాటాలి. టాలీ డేటా ఒక సిస్టమ్‌లో పెట్టి ఆరుగురు దాని మీద పనిచేసే ఆఫీసుల్లో ఈ తేడా రోజంతా తెలుస్తుంది.

వైరు రకం కూడా చూడండి. సీసీఏ అని అమ్మే చవక కేబుల్‌లో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ చివర బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పట్టుకుంటే చుట్ట తేలిగ్గా ఉంటుంది, రెండు మూడుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. మీటరు మీద మిగిల్చిన డబ్బు తర్వాత గోడ పగలగొట్టడానికి సరిపోదు. క్యాట్ 5ఈ అయినా సరే, పూర్తి రాగిది తీసుకోండి, గిగాబిట్‌కి అది చాలు. గోడలో వైరు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైర్లు వెళ్లే పైపులోనే దీన్నీ దూర్చేయకండి.

ఇంకో మాయ ఉంది. కెమెరాల కోసం అమ్మే, నెట్ వైరులోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్‌లు కొన్నింటికి ముందు భాగంలో గోరుతో జరిపే చిన్న బటన్ ఉంటుంది, దాని మీద ఎక్స్‌టెండ్ అని రాసి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే దూరం 250 మీటర్ల దాకా పెరుగుతుందంటారు. అందుకు అది ఆ పోర్టుల స్పీడుని 10 మెగాబిట్‌కి దించేస్తుంది. కెమెరాకి అది సరిపోవచ్చు. ఖాళీ పోర్టు ఉంది కదా అని అక్కౌంటెంట్ సిస్టమ్ దానికి తగిలించారంటే మాత్రం తిట్లు తప్పవు. బటన్ వెనక్కి జరిపి, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

స్పీడుని చేత్తో ఫిక్స్ చేసే అలవాటున్నవాళ్లూ ఉన్నారు. సిస్టమ్‌లో 100 ఫుల్ డ్యూప్లెక్స్ అని పెట్టి, స్విచ్‌ని ఆటోలో వదిలేస్తే స్విచ్‌కి అవతలివాళ్ల సంగతి తెలీక హాఫ్ డ్యూప్లెక్స్‌కి వెళ్తుంది. ఫుల్‌లో పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయి, హాఫ్‌లో ఒకసారికి ఒక్కటే. పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) బాగానే వస్తుంది, పెద్ద ఫైలు పంపితే నత్తనడక. రెండు వైపులా ఆటో పెట్టేయండి.

"ఉన్నట్టుండి అందరికీ ఆగిపోయింది, స్విచ్ లైట్లు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి"

గుంటూరులో ఒక ఆడిటర్ ఆఫీసు. నెల 20వ తేదీ, జీఎస్టీ రిటర్నులకి ఆఖరి రోజు. "ఏమయ్యా, నువ్వు పెట్టిన స్విచ్చే కదా, ఇవాళే చావాలా అది?" అన్నారు పెద్దాయన. వెళ్లి చూస్తే అన్ని పోర్టుల లైట్లూ ఒకే తాళంలో టకటకమని కొట్టుకుంటున్నాయి. స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కొన్ని సెకన్లు బాగుండి మళ్లీ అదే గోల.

ఈ లక్షణం కనిపిస్తే అది లూపే అనుకుని వెతకండి. ఏ సిస్టమ్ అయినా "అందరూ వినండి" అని పంపే బ్రాడ్‌కాస్ట్ సమాచారాన్ని స్విచ్ వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. ఒకే వైరు రెండు చివర్లూ అదే స్విచ్‌లో ఉంటే అది బయటికెళ్లి మళ్లీ లోపలికొస్తుంది, మళ్లీ బయటికెళ్తుంది. ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపో అనే లెక్క ఈథర్నెట్ ఫ్రేములో (వైరులో వెళ్లే సమాచారపు ముక్కలో) లేదు. తిరిగేకొద్దీ పెరుగుతూ పోయి స్విచ్ మొత్తాన్ని నింపేస్తుంది. రెండు స్విచ్‌ల మధ్య "స్పీడు పెరుగుతుందని" రెండు వైర్లు వేసినా ఇదే జరుగుతుంది.

ఆ ఆఫీసులో లూపు వైరుది కాదు. ముందు రోజు టేబుళ్లు జరిపారు. ఐపీ ఫోన్‌కి వెనక రెండు పోర్టులుంటాయి, ఒకటి గోడకి, ఒకటి పక్క సిస్టమ్‌కి. లోపల ఉన్నది బుల్లి స్విచ్చే. "గోడకి రెండు సాకెట్లు ఖాళీగా ఉన్నాయి కదా సార్, ఫోన్ వైర్లు రెండూ అందులోనే పెట్టాను" అన్నాడు ఆఫీస్ బాయ్. వాడి తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు.

వెతకడం ఇలా: లైట్లు చూస్తూ స్విచ్‌లోంచి ఒక్కో వైరూ పీకండి. ఏ వైరు తీయగానే లైట్లు నెమ్మదించాయో దాని వెంట నడవండి. పీకేటప్పుడే పోర్టు నంబరు టేపు మీద రాసి వైరుకి అంటించుకోండి. మళ్లీ ఇలా కాకూడదంటే లూప్ ప్రివెన్షన్ గానీ స్పానింగ్ ట్రీ గానీ (రెండూ లూపుని కనిపెట్టి ఆ దారి మూసేసేవే) ఉన్న స్మార్ట్ స్విచ్ వేసుకోవాలి. ఈ స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు కనిపెట్టారు, ఇప్పటికీ ఆఫీసుల్ని కాపాడుతున్నది అదే. స్విచ్ కొన్నాక అది ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

దీనికి తోక సమస్య ఒకటి. స్పానింగ్ ట్రీ పాత పద్ధతిలో నడిచే స్విచ్ అయితే, సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆ పోర్టుని 30 సెకన్లు ఆపి చూశాక గానీ వదలదు. "పొద్దున్నే నెట్ రాదు, కాసేపటికి అదే వస్తుంది" అంటారు. సిస్టమ్‌లు, ప్రింటర్లు ఉన్న పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ పోర్ట్ అనే సెట్టింగ్ పెడితే చాలు. వేరే స్విచ్‌కి వెళ్లే పోర్టుకి అది పెట్టకండి.

"కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు"

రాని సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. ఐపీ 169.254తో మొదలైతే, అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ దాకా సిస్టమ్ చేరలేక తనకు తనే ఒక నంబరు పెట్టుకుందన్నమాట. అప్పుడు వైరు వైపు, స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్లే వైరు వైపు వెతకాలి.

అలా కాకుండా బాగున్న సిస్టమ్‌లో 192.168.1.35 అనీ, బాగోని దాంట్లో 192.168.0.12 అనీ ఉంటే ఆఫీసులో ఇద్దరు యజమానులున్నట్టు. మేనేజర్ గారి గదిలో సిగ్నల్ అందట్లేదని ఇంట్లో మూలనపడ్డ వైఫై రౌటర్ తెచ్చి స్విచ్‌కి తగిలించి ఉంటారు. అది కూడా అడ్రస్‌లు పంచుతుంది. ముందు ఎవరు పలికితే సిస్టమ్ వాళ్ల మాటే వింటుంది, కాబట్టి సమస్య ఒకరోజు ఒకరికి, ఇంకోరోజు ఇంకొకరికి. బాగోని సిస్టమ్ ఐపీకాన్ఫిగ్‌లో కనిపించిన డీఫాల్ట్ గేట్‌వేని (రౌటర్ అడ్రస్‌ని) బ్రౌజర్‌లో కొడితే దొంగ రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది.

దాన్ని పారేయక్కర్లేదు. అందులో డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. దాని సొంత ఐపీని అసలు రౌటర్‌ది కాకుండా, అదే వరసలో ఎవరూ వాడని 192.168.1.2 లాంటిది పెట్టండి. వైరుని దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు గుచ్చేది) కాక ల్యాన్ పోర్టులో గుచ్చండి. ఐపీ మార్చడం మర్చిపోయి రెండూ 192.168.1.1గా వదిలేస్తే ఉండుండి నెట్ పోతుంది, అది పట్టుకోవడం ఇంకా కష్టం.

"నెట్ బాగుంది, ప్రింటర్ మాత్రం దొరకట్లేదు"

ప్రింటర్ ఐపీ మారిపోయి ఉంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి వేరే నంబరు ఇస్తుంది, సిస్టమ్‌లు పాత నంబరుకే పంపుతుంటాయి. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ (ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చే సెట్టింగ్) పెట్టేస్తే తీరుతుంది. ప్రింటర్‌లోనే చేత్తో ఐపీ పెట్టాలనుకుంటే, డీహెచ్‌సీపీ 100 నుంచి 199 దాకా పంచుతోందనుకోండి, దానికి బయట 20 లాంటిది ఇవ్వండి. లోపలిది ఇస్తే ఏదో ఒకరోజు ఇంకో ఫోన్‌కి అదే నంబరు పోతుంది.

ఐపీ సరిగ్గానే ఉంటే విండోస్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్‌కి మార్చండి. షేర్ చేసిన ప్రింటర్లు, ఫోల్డర్లు పబ్లిక్‌లో కనపడకపోవడం మామూలే. ఇందాక చెప్పిన ఎక్స్‌టెండ్ బటన్ పక్కనే కొన్ని స్విచ్‌లకి వీల్యాన్ లేదా ఐసోలేట్ అనే మాట కూడా ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ప్రతి పోర్టూ పైకి రౌటర్‌తో మాట్లాడుతుంది గానీ పక్క పోర్టుతో మాట్లాడదు. నెట్ వస్తుంది, ప్రింటర్ రాదు. అచ్చం ఇదే లక్షణం.

"రాత్రయితే కెమెరాలు ఆరిపోతున్నాయి"

పగలు అన్నీ పనిచేసి, చీకటి పడగానే ఒక్కో కెమెరా ఆరి వెలుగుతుంటే పీఓఈ స్విచ్ పవర్ చాలట్లేదు. చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. 802.3ఏఎఫ్ రకం పీఓఈ పోర్టు 15.4 వాట్ల దాకా, ఏటీ పోర్టు 30 వాట్ల దాకా ఇవ్వగలదు. అయితే అది ఒక్కో పోర్టు లెక్క. స్విచ్ మొత్తానికి విడిగా ఒక హద్దు ఉంటుంది, అడాప్టర్ మీదో డబ్బా మీదో రాసి ఉంటుంది. మొత్తం 60 వాట్లు అనుకుందాం. ఎనిమిది కెమెరాలు పగలు అయిదేసి వాట్లు తీసుకుంటే 40. రాత్రి తొమ్మిదేసి అయితే 72. స్విచ్ ఎవరినో ఒకరిని ఆపక తప్పదు. రెండు కెమెరాల్ని వేరే ఇంజెక్టర్ (నెట్ వైరులోకి విడిగా కరెంటు ఎక్కించే డబ్బా) మీదికి మార్చండి, లేదా పెద్ద స్విచ్ తీసుకోండి. ఒక్క దూరపు కెమెరాయే ఆరిపోతుంటే దాని వైరు సీసీఏ అయి ఉంటుంది, దారిలోనే వోల్టేజీ కరిగిపోతుంది.

"స్విచ్చే పోయిందేమో"

అలా అనుకునే ముందు అడాప్టర్ చూడండి. రౌటర్‌ది 12 వోల్టులు, చిన్న స్విచ్‌ది 5 లేదా 9 ఉండొచ్చు, పిన్ను మాత్రం రెంటికీ ఒకటే. ఊడ్చేటప్పుడు తారుమారైతే 5 వోల్టుల స్విచ్‌కి 12 ఎక్కి కాలిపోతుంది. 12 వోల్టుల రౌటర్‌కి 5 వోల్టులది తగిలితే లైట్లు మిణుకుమిణుకుమంటాయి. ఏడాది రెండేళ్ల పాత అడాప్టర్ అయితే లైటు వెలుగుతున్నా లోడు పడగానే చతికిలపడొచ్చు. అదే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి.

ఉరుముల వాన తర్వాత ఒకటో రెండో పోర్టులు మాత్రమే చచ్చిపోతే అది నిజంగా స్విచ్ సంగతే. ఎక్కువగా మేడ మీదికో బయటికో వెళ్లిన వైరు పోర్టే పోతుంది. మిగతావి పనిచేస్తుంటే స్విచ్ వాడుకోవచ్చు, బయటికెళ్లే వైరుకి మాత్రం సర్జ్ ప్రొటెక్టర్ వేయించండి. చచ్చిన పోర్టులో నేనయితే వైరు కోసేసిన జాక్ ఒకటి దూర్చి వదిలేస్తాను. లేకపోతే ఆర్నెల్లకి కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా అందులోనే గుచ్చి నాకు ఫోన్ చేస్తాడు.