వింటూ చదివే సంగీత పాఠం తయారీ – 3వ పాఠం: కాలపట్టిక

గత పాఠంలో స్కోరు (స్వరాలు రాసిన పుస్తకం) ముందు పెట్టుకుని ముఖ్యమైన బార్ (తాళం ప్రకారం విడదీసిన చిన్న ముక్క) సంఖ్యలు రాసుకున్నాం. ఇప్పుడు వాటి పక్కన రికార్డింగులోని సమయాలు చేర్చాలి. 1989లో వాయేజర్ కంపెనీ మెకింతోష్ కోసం తెచ్చిన బీథోవెన్ తొమ్మిదో సింఫొనీ సీడీ కంపానియన్ (సీడీకి తోడుగా కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము) నడిచింది ఇలాంటి పట్టిక ఆధారంగానే. రాబర్ట్ వింటర్ రాసిన వ్యాఖ్యానం హైపర్‌కార్డ్ అనే మెకింతోష్ ప్రోగ్రాములోని కార్డుల (తెర పుటల) మీద, సంగీతమేమో సీడీలో ఆడియోగా ఉండేవి. ఏ క్షణానికి ఏ కార్డు రావాలో పట్టిక చెప్పేది.

అందులో పాకెట్ గైడ్ అనే విభాగం ఉంది. మూవ్‌మెంటు (సింఫొనీలో ఒక భాగం) నిర్మాణమంతా ఒకే తెర మీద కనిపిస్తుంది, ఏ భాగాన్ని నొక్కితే పాట అక్కడికి దూకుతుంది. క్లోజ్ రీడింగ్ విభాగంలో తీరు వేరు: పాట సాగుతుంటే వ్యాఖ్యానమే దాని వెంట నడుస్తుంది. మనకు ఈ రెండు పనులూ కావాలి కనుక పట్టికలో సమయానికి రెండు గడులు పెట్టండి: ‘చూపు’ (కార్డు తెర మీదికి రావలసిన చోటు), ‘మోగించు’ (నొక్కితే పాట దూకవలసిన చోటు).

ముందు కొలమానం. ఆడియో సీడీలో సెకనుకు 75 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 588 శాంపిళ్లు (ధ్వని కొలతలు). సమయాన్ని నిమిషం:సెకను:ఫ్రేము అని రాస్తారు. మూడో అంకెను సెకనులో నూరో వంతు అనుకోవడం అందరూ చేసే పొరపాటు. 40 ఫ్రేములంటే 0.40 సెకను కాదు, 0.53 సెకను. అందుకే పట్టికలో మొత్తం ఫ్రేములే రాయండి. 02:58:40 అయితే 178ని 75తో గుణించి 40 కలపాలి: 13,390. ఆడియో ఎడిటర్‌లో శాంపిల్ సంఖ్య కావాలంటే దాన్ని 588తో గుణించండి: 78,73,320.

అభ్యాసానికి తొమ్మిదో సింఫొనీ నాలుగో మూవ్‌మెంటులో ఆనందగీతం రాగం తొలిసారి పూర్తిగా వచ్చే చోటు తీసుకుందాం. 92వ బార్‌లో చెల్లోలు, డబుల్ బాస్‌లు మాత్రమే ఎత్తుకుంటాయి. 116లో వయోలాలు, చెల్లోలు రాగాన్ని అందుకుంటే బసూన్ పక్కనే వేరే వరుసలో నడుస్తుంది. 140లో వయొలిన్లు, 164లో ఆర్కెస్ట్రా అంతా. ఒక్కో విడత సరిగ్గా 24 బార్లు.

92 దగ్గర తరంగరూపాన్ని నమ్ముకోకండి. రాగం ఎంత మెల్లగా మొదలవుతుందంటే తెర మీద గీత దాదాపు చదునుగా ఉంటుంది, కంటితో పెడితే గుర్తు ఆలస్యంగా పడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి స్వరం వినబడే చోటు పట్టుకోండి. 116 దగ్గర చిక్కు ఇంకో రకం. విడతల మధ్య ఖాళీ లేదు కాబట్టి లయ లెక్కపెడుతూ బార్ మొదటి దెబ్బ మీదే గుర్తు వేయాలి.

ఇప్పుడు సరిచూడండి. స్కోరులో ఇక్కడి వేగం నిమిషానికి 80 హాఫ్ నోట్లు. బార్‌కు రెండు చొప్పున 24 బార్లకు 48, అంటే 36 సెకన్లు. చాలామంది కండక్టర్లు ఇంతకంటే నెమ్మదిగా నడిపిస్తారు, దానికేం ఫరవాలేదు. కావలసింది ఈ నాలుగు గుర్తుల మధ్య ఉన్న మూడు విడతలూ దాదాపు సమానంగా రావడం. ఒక విడత సుమారు ఒకటిన్నర సెకను ఎక్కువై, పక్కది అంతే తగ్గితే గుర్తు ఒక బార్ పక్కకు జరిగింది. 92కు ముందున్న రెసిటేటివ్‌లకు (మాట్లాడుతున్నట్టు సాగే భాగాలకు) ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ వేగం కండక్టర్ ఇష్టం.

‘చూపు’ గడిలో అసలు ఫ్రేమునే ఉంచి, ‘మోగించు’ గడిలో 15 తగ్గించండి: పై ఉదాహరణలోని 13,390కి 13,375. దూకినప్పుడు స్వరం తల తెగకుండా ఉండడానికే ఈ 0.2 సెకను. పాత సీడీ డ్రైవులు ఆడియోలో అడిగిన ఫ్రేముకు కచ్చితంగా వెళ్లేవి కావు, కొన్ని ఫ్రేములు అటూ ఇటూ ఆగేవి. కనుక అసలు సీడీతో పనిచేసేవాళ్లకు ఈ జాగా తప్పనిసరి.

ఇక కార్డులు మార్చే తర్కం. పాట మొదలెట్టి కంప్యూటర్ గడియారంతో సెకన్లు లెక్కపెట్టొద్దు. వినేవాడు ఒక్కసారి పాజ్ నొక్కితే వ్యాఖ్యానం దారి తప్పుతుంది. ప్లేయర్‌నే ఎక్కడున్నావని పదేపదే అడగాలి. సెకనుకు 4 సార్లు అడిగితే చాలు, కానీ రెండు ప్రశ్నల మధ్య దాదాపు 19 ఫ్రేములు జారిపోతాయి. అందువల్ల ‘స్థానం 13,390కి సమానమా?’ అని అడిగితే జవాబు ఎప్పుడోగానీ అవును రాదు, కార్డు మారదు. ‘ప్రస్తుత స్థానానికి సమానమైన, లేదా అంతకు ముందున్న గుర్తుల్లో చివరిది ఏది?’ అని వెతకండి. వినేవాడు ముందుకు దూకినా వెనక్కి వచ్చినా ఇదే వెతుకులాట సరైన కార్డు తెస్తుంది, వేరే ఏర్పాటు అక్కర్లేదు. అదే కార్డు మళ్లీ వస్తే తెరను తిరగ గీయకండి, మినుకుమినుకుమంటుంది.

గుర్తులన్నీ సరిగ్గా 2 సెకన్లు తేడాగా ఉంటే తప్పు మీ చెవిది కాదు. డిస్కు మీద అసలు లెక్క 00:02:00 దగ్గర మొదలవుతుంది, కొన్ని ప్రోగ్రాములు దాన్నే సున్నా అంటాయి. అలాంటప్పుడు మొత్తం పట్టికకు 150 కలపడమో తీయడమో చేయాలి. తేడా కొద్దిగా, అన్ని చోట్లా ఒకేలా ఉంటే ఎంపీ3 వాడారేమో చూడండి. ఆ ఫార్మాట్ మొదట్లో చిన్న నిశ్శబ్దం చేరుస్తుంది. వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుకు మారండి. ఇంకో కండక్టర్ రికార్డింగుకు ఈ పట్టికను సాగదీసి వాడదామనుకుంటే కుదరదు. వేగాలు చోటుచోటుకీ మారతాయి కనుక బార్ సంఖ్యల గడి ఒక్కటే మిగులుతుంది.

వచ్చే పాఠానికి 208 నుంచి 330వ బార్ వరకు కనీసం 8 గుర్తులు పెట్టి ఉంచుకోండి. 216లో బారిటోన్ గొంతు ప్రవేశం వాటిలో ఉండాలి.