పెరటి కోళ్లకు వచ్చే ఇబ్బందులు: మా దొడ్లో చూసినవి, చేసినవి

నేనూ మా ఆయనా పెరట్లో కోళ్లు పెంచడం మొదలుపెట్టి 12 ఏళ్లయింది. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల పత్తి, రెండు గేదెలు, వాటితో పాటు ఎప్పుడూ ఓ పాతిక ముప్పై కోళ్లు. ఎక్కువ నాటువే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు కూడా తెచ్చి పెంచాం. ఇన్నేళ్లలో మా చేతుల్లో చాలా కోళ్లు పోయాయి. వాటిలో సగానికి పైగా మేం ముందే కనిపెట్టి ఉంటే బతికేవి. అందుకే రాస్తున్నాను.

ఏ రోగమైనా మొదట తెలిసేది సాయంత్రం పూట, కోళ్లు గూట్లోకి ఎక్కేటప్పుడు. అప్పుడు లెక్కపెట్టండి. అన్నిటికన్నా వెనకబడి వచ్చే కోడిని పట్టుకుని మెడ కింద మేత సంచి తడమండి. ఆ వేళకి అది నిండుగా ఉండాలి. ఖాళీగా ఉందంటే ఆ కోడికి ఒంట్లో బాగాలేదు. ఆ రాత్రికే దాన్ని వేరే గంప కింద పెట్టండి.

రెక్కలు వేలాడేసి, ఆకుపచ్చగా పారుతుంటే

మూడో ఏడు ఉగాదికి ముందు సంతలో ఒక ఎర్ర పెట్టను కొన్నాం. చూడ్డానికి బాగుంది. తెచ్చిన రోజే మిగతా కోళ్లలో వదిలేశాం. నాలుగో రోజు పొద్దున గూడు తలుపు తీస్తే అన్నీ దూకాయి, అది మాత్రం రాలేదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలన నిలబడి ఉంది. నోరు తెరిచి గాలి పీల్చినప్పుడల్లా గురగుర. కింద రెట్ట నీళ్లలా, ఆకుపచ్చగా ఉంది. తర్వాత రెండు వారాల్లో 27 కోళ్లలో 23 పోయాయి. బతికిన ఒక పెట్టకు మెడ మెలితిరిగిపోయింది. గింజను పొడవబోతే ముక్కు పక్కకు పోయేది. రెండు నెలలు దాన్ని ఒళ్లో పెట్టుకుని జొన్నన్నం చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టాను.

అది కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్ అంటారు, ఉత్తరాఖండ్‌లో ఉన్న ఊరి పేరు అది. వైరస్ వల్ల వస్తుంది. వచ్చాక మందు లేదు. వెల్లుల్లి, పసుపు, మిరియాలు, జ్వరం బిళ్లలు, అన్నీ పెట్టి చూశాం. ఏదీ ఆపలేదు.

మందు లేదు గానీ టీకా ఉంది. మేం పాటించే లెక్క ఇది: పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే టీకా ఒక చుక్క కంట్లో, 28వ రోజున మళ్లీ లసోటా. 8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌టూబి టీకా, అర ఎంఎల్, రెక్క కింద చర్మం లోపలికి. ఆ తర్వాత మా పశువుల డాక్టర్ చెప్పినట్టు ఆరు నెలలకోసారి. ఆర్‌టూబి చిన్న పిల్లలకు వేయకూడదు, తట్టుకోలేవు. టీకాకు వారం ముందు నట్టల మందు తాగించాలి, నట్టలున్న కోడికి టీకా సరిగా పట్టదు.

పల్లెల్లో టీకా వేయించకపోవడానికి అసలు కారణం నిర్లక్ష్యం కాదని నేను అనుకుంటాను. సీసాలో కనీసం వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న మనిషి దానికోసం మండలానికి ఎందుకు పోతుంది? మేం మా వీధిలో తొమ్మిది ఇళ్ల వాళ్లం కలిసి తెచ్చుకుంటున్నాం. మా ఆయన ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో సీసా తెస్తాడు. మర్నాడు తెల్లవారుజామున, కోళ్లను బయటికి వదలకముందే ఇంటింటికీ తిరిగి వేస్తాం. ఎండెక్కేలోపు అయిపోవాలి, సీసా మీద ఎండ పడకూడదు. మన కోళ్లకు ఒక్కళ్లమే వేసుకుంటే సరిపోదు కూడా. పక్కింటి కోళ్లు మన దొడ్లోనే కదా మేసేది.

రోగం తగిలిందని తెలియగానే మిగతావాటిని సంతకు తోలేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మా దొడ్డి ఖాళీ అయింది అలా వచ్చిన పెట్టతోనే. చచ్చినవాటిని కాలవలో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గూటికి సున్నం కొట్టి, రెండు నెలలు ఖాళీగా వదిలేసి, అప్పుడు కొత్తవి తెచ్చుకోండి. ఏ కోడినైనా కొనగానే 15 రోజులు వేరుగా ఉంచండి.

జుట్టు మీద, కళ్ల చుట్టూ పులిపిర్లు లేస్తే

మా వైపు అమ్మోరు పోసిందంటారు. ఇదీ వైరసే, దోమలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మోస్తాయి. అందుకే వానలు పడ్డాక ఎక్కువ. పెద్ద కోళ్లు చాలావరకు తట్టుకుంటాయి. పిల్లలు చచ్చేది మాత్రం ఎక్కువగా ఆకలితోనే, కళ్లు మూసుకుపోయి మేత కనపడక. పసుపు వేపనూనెలో కలిపి పులిపిర్లకు రాయండి, గిల్లకండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో కళ్లు తుడిచి, రోజుకు మూడుసార్లు చేత్తో తినిపించండి. రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పడితే చాలా పిల్లలు కోలుకుంటాయి. ఆరో వారంలో దీనికీ టీకా ఉంది.

పిల్లల రెట్టలో రక్తం పడితే

మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో వస్తుంది. కింద పరిచిన ఊక తడిసిందేమో చూడండి. నీళ్ల గిన్నె చుట్టూ తప్పకుండా తడిగా ఉంటుంది. ఆ తడిలోనే ఈ రోగం తెచ్చే క్రిమి పెరుగుతుంది. ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి ఇస్తే తగ్గుతుంది, మోతాదు డాక్టర్‌ని అడగండి. ఊక మొత్తం తీసి కొత్తది వేయండి. నీళ్ల గిన్నె ఇటుక మీద పెట్టండి.

పొదగేసిన గుడ్లు మురిగిపోతుంటే

21 రోజులు కూర్చుని పెట్ట రెండు పిల్లలతో లేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా దగ్గర ఎక్కువసార్లు కారణం పాత గుడ్లే. వేసవిలో నాలుగు రోజులు దాటిన గుడ్డు పొదగేయకండి. చలికాలంలో వారం వరకు పర్వాలేదు. తడి ఇసుక మీద పెట్టిన కుండలో గుడ్లు దాచితే చల్లగా ఉంటాయి. ఒక పెట్ట కింద 10, 12 కన్నా ఎక్కువ పెట్టొద్దు. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఖాళీగా, తేటగా ఉంటే తీసేయండి.

పెట్ట మాటిమాటికీ గుడ్ల మీంచి లేచిపోతోందా? రాత్రిపూట తెల్లగుడ్డతో గూటి సందులు, ఎక్కి పడుకునే కర్ర అడుగుభాగం తుడవండి. గుడ్డకు ఎర్రటి మరకలైతే రక్తం తాగే పురుగులున్నాయి. పగలు సందుల్లో దాక్కుంటాయి, అందుకే కోడి ఒంటి మీద వెతికితే దొరకవు. కోళ్లను బయటికి తీసి సందుల్లో సలసల కాగే నీళ్లు పోయండి, ఆరాక సున్నం కొట్టండి. వారానికి మళ్లీ అదే పని. ఒక్కసారితో పోవు, గుడ్లు మిగిలే ఉంటాయి.

వనరాజా, గ్రామప్రియ పెట్టలు పొదుగుకు రావడం అరుదు. వాటి గుడ్లు నాటు పెట్ట కింద వేసి పిల్లల్ని తీసినా, తల్లిలాగా గుడ్లు పెట్టవు. ఆ రకాలు కావాలంటే పిల్లల్ని మళ్లీ కొనుక్కోవాల్సిందే.

తోలుగుడ్లు పెడుతుంటే

సున్నం తక్కువైంది. నత్తగుల్లలో, ఎండబెట్టిన గుడ్డు పెంకులో పొడిచేసి విడిగా ఒక చిప్పలో పెట్టండి. ఎంత కావాలో అవే తింటాయి.

మే నెలలో నోరు తెరిచి ఎగరొప్పుతుంటే

మా దగ్గర 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. మధ్యాహ్నం మేత వేయకండి, అరిగేటప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది. తెల్లారకముందు, పొద్దువాలాక వేయండి. నీడలో మట్టి మూకుళ్లు రెండు మూడు చోట్ల పెట్టి, నీళ్లు మాటిమాటికీ మార్చండి. గూటి చుట్టూ తడిపిన గోనెసంచులు కట్టండి.

తెల్లారేసరికి కోళ్లు మాయమైతే

మెడ దగ్గర గాట్లతో నాలుగైదు చచ్చిపడి ఉంటే ముంగిస పని అయి ఉండొచ్చు. ఒక్కటే పోయి, ఈకలు గోడ దాకా రాలి ఉంటే పిల్లి. ఏ గుర్తూ లేకుండా గుడ్లు పోతే పాము. మా ఆయన గూటి అడుగున బండలు పరిచి, చుట్టూ అరంగుళం సందు ఇనుప జాలీ కొట్టాడు. అంతకుముందున్న పెద్ద సందుల జాలీలోంచి ముంగిస రెండుసార్లు దూరింది. పగలు గద్దల భయానికి చిన్న పిల్లలున్న తల్లిని బీరపందిరి కింద కాలికి తాడేసి కడతాం, పిల్లలు దాన్ని వదిలి పోవు. తలుపుకు కొక్కెం ఒక్కటే పెడితే కుక్క మూతితో లేపుతుంది, అడ్డగడియ పెట్టించండి. రాత్రి పడుకోబోయే ముందు మా ఆయన ఒకసారి, నేనొకసారి ఆ గడియ లాగి చూస్తాం.