సంస్థను కట్టడం - 4వ పాఠం: పుట్టుక కాగితం

పోయిన పాఠం చదివి, మారతహళ్లిలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, పాలసీ రాశారు, బడ్జెట్ ఇచ్చారు. ఇక బోర్డు తగిలిస్తే ప్రభుత్వ సంస్థ అయిపోయినట్టేగా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాడు కదా, కొత్త ఫోల్డర్ తెరిచినంత తేలిక అనుకున్నాడు. ఈ పాఠం వాడి పుణ్యమే.

బోర్డు వెనక ఒక కాగితం ఉంటుంది. సంస్థ దేనివల్ల పుట్టిందో చెప్పేది అదే. ప్రభుత్వ తీర్మానమా, సొసైటీ రిజిస్ట్రేషనా, కంపెనీయా, చట్టసభ చేసిన చట్టమా? ఉద్యోగుల్ని ఎవరు తీసుకోవాలి, చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి, కోర్టులో ఎవరు జవాబు చెప్పాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఆధార్‌నే చూడండి. దాని డేటా సెంటర్లలో ఒకటి మన బెంగళూరులోనే, హెబ్బాళలో ఉంది. ఆధార్‌ను నడిపే సంస్థ (యూఐడీఏఐ) 2009 జనవరి 28న ప్రణాళికా సంఘం ఇచ్చిన నోటిఫికేషన్‌తో పుట్టింది. చట్టం లేదు. అందుకే పని చకచకా సాగింది. 2010 సెప్టెంబరు 29కల్లా మహారాష్ట్రలోని టెంభ్లీ అనే ఊళ్లో మొదటి నంబర్లు ఇచ్చేశారు. ఆ ఏడాదే చట్టం కోసం బిల్లు పెడితే, 2011లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం వద్దు పొమ్మంది. నమోదు మాత్రం ఆగలేదు. చట్టం 2016లో వచ్చింది. కొద్ది రోజులకే ఆధార్ నంబర్ల లెక్క 100 కోట్లు దాటింది.

ఇక ఆ చట్టంలో 59వ సెక్షన్ తెరవండి. నాకు చాలా ఇష్టమైన సెక్షన్. 2009 నాటి ఆ నోటిఫికేషన్ (ప్రభుత్వ తీర్మానం) కింద చేసిన పనులన్నీ ఈ చట్టం కిందే చెల్లుబాటుగా చేసినట్టు భావించాలి అంటుంది. పెళ్లయిపోయాక ముహూర్తం రాయించుకోవడం అన్నమాట. 2018లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు దాన్ని నిలబెట్టింది కాబట్టి సరిపోయింది. నిలబడకపోతే? మీరు సంస్థ కట్టేటప్పుడు ఈ ప్రశ్న మొదటి రోజే వేసుకోండి.

సొసైటీ దారి వేరు. టెలికాం పరిశోధన చేసే సి-డాట్ 1984లో, కంప్యూటర్ పరిశోధన చేసే సి-డాక్ 1988లో అలా పుట్టినవే. ఇంజనీర్లను తమ సొంత నియమాలతో తీసుకోవచ్చు, సచివాలయం చుట్టూ ప్రతి ఫైలూ తిరగక్కర్లేదు. ఇక లాభాపేక్ష లేని కంపెనీ అంటే యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్). 2008లో పెట్టారు, వాటాదారుల్లో ఎక్కువ బ్యాంకులే. దాని సంగతి డబ్బు పాఠంలో చూద్దాం.

నేను పనిచేసిన ఒకచోట (పేరెందుకులెండి) సర్వర్లు ముందొచ్చాయి, పోస్టులు మంజూరు కాలేదు. డిప్యుటేషన్ మీద, అంటే వేరే శాఖ నుంచి కొన్నాళ్లకు అరువుగా, వచ్చిన ఒక్క ఇంజనీరే అన్నీ చూసేవాడు. మూడేళ్లయ్యాక మాతృశాఖకు వెళ్లిపోయాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో పెట్టి ఇనప బీరువాలో దాచానన్నాడు. బీరువా తాళం స్టోర్‌కీపర్ దగ్గర, ఆయనేమో సెలవులో. రెండు రోజులు అందరం ఆ బీరువా కేసి చూస్తూ కూర్చున్నాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పాస్‌వర్డ్ ఉండాల్సింది పోస్టు దగ్గర, మనిషి దగ్గర కాదు. పోస్టు పుట్టాలంటే దాన్ని మంజూరు చేసే అధికారం ఎవరిదో ఆ పుట్టుక కాగితంలో ఉండాలి.

ఒక కిటుకు చెబుతాను. సంస్థ రకం తెలియనప్పుడు వెబ్‌సైట్‌లో 'మా గురించి' చదవకండి, అక్కడ అందరూ స్వయంప్రతిపత్తి ఉన్నవాళ్లే. దాని టెండరు తెరిచి, చివర్లో ఉండే ఒప్పందం నమూనా చూడండి. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ప్రభుత్వ కాంట్రాక్టు కేంద్రంలో అయితే రాష్ట్రపతి పేరిట, రాష్ట్రంలో అయితే గవర్నర్ పేరిట ఉండాలి. 'గవర్నర్ తరఫున' అని ఉంటే, బోర్డు ఎంత కొత్తగా మెరుస్తున్నా అది ప్రభుత్వ శాఖలో భాగమే. సొంత పేరుతో సంతకం పెడుతుంటే అది సొసైటీయో, కంపెనీయో, చట్టంతో పుట్టిన సంస్థో అయి ఉంటుంది.

ఈ వారం పని: కర్ణాటక ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్‌లో కంప్యూటర్ పనుల టెండర్లు రెండు దించుకోండి. ఒకటి ఏదైనా శాఖది, ఇంకోటి ఏదైనా సొసైటీది. ఒప్పందంలో మొదటి పక్షం పేరు ఎలా రాశారో, వివాదం వస్తే ఎవరు తేల్చాలన్నారో నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. మా మేనల్లుడికి ఇప్పటికే పంపాను. మొదటి టెండరు 140 పేజీలుందని గోల పెడుతున్నాడు.