లండన్‌లో వీకెండ్ మీ ట్యూబ్ లైన్ మూసేస్తే ఇలా ప్లాన్ చేసుకోండి

శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక ఒక్క ఐదు నిమిషాలు కూర్చుని, రేపు ఎల్లుండి ట్యూబ్‌లో, అంటే లండన్ మెట్రో రైల్లో, ఏ లైన్లు నడవడం లేదో చూసుకోండి. లండన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి బ్యాంక్ అకౌంట్ గురించి, అద్దె ఇళ్ల గురించి అందరూ చెప్తారు కానీ దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాకూ ఎవరూ చెప్పలేదు. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మా మొదటి సంవత్సరం, అత్తయ్యగారు, మామయ్యగారు మొదటిసారి వస్తుంటే ఆదివారం పొద్దున్నే హీత్రో ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరి స్టేషన్ దగ్గరికి వెళ్తే గేటు వేసి ఉంది, పక్కన ట్రాక్ పనుల నోటీసు. బస్సులు మారి మారి మేం చేరేసరికి రెండు గంటలు ఆలస్యం. వాళ్ల ఫోన్లు ఇక్కడ పనిచేయడం లేదు. అంతసేపూ మామయ్యగారు ట్రాలీ పట్టుకుని నిలబడే ఉన్నారట, కూర్చుంటే జనంలో మాకు కనబడరేమో అని. ఆ నోటీసు అక్కడ రెండు వారాల ముందు నుంచే ఉందని తర్వాత తెలిసింది.

చూసుకోవడం ఎలాగంటే, ట్యూబ్‌ని నడిపే సంస్థ టీఎఫ్‌ఎల్ (ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్). దాని టీఎఫ్‌ఎల్ గో యాప్‌లో గానీ వాళ్ల సైట్‌లో గానీ స్టేటస్ తెరిచి తేదీ మార్చండి. 'ఇప్పుడు' అని ఉన్నది చూసి అంతా బాగుందనుకుంటే లాభం లేదు, మీరు వెళ్లే రోజు పెట్టాలి. 'పార్ట్ క్లోజర్' అని కనబడితే అక్కడితో ఆగకుండా దాన్ని నొక్కి, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా మూశారో చదవండి. చాలాసార్లు మనకి కావలసిన భాగం నడుస్తూనే ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఆ తర్వాత. డిస్ట్రిక్ట్ లైన్ లేకపోతే హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కేద్దాం అనుకుంటారు. కానీ బార్కింగ్ నుంచి ఆల్డ్‌గేట్ ఈస్ట్ దాకా ఆ రెండూ నడిచేది ఒకే పట్టాల మీద! పట్టాలు తీస్తే రెండూ ఆగుతాయి. మ్యాప్‌లో రంగులు వేరైనంత మాత్రాన దారి వేరు కాదు. అందుకే ఎప్పుడూ వేరే పట్టాల మీద నడిచే లైను వెతకాలి. ఈస్ట్ హామ్ వాళ్లయితే 147 బస్సులో ఇల్‌ఫర్డ్ వెళ్లి ఎలిజబెత్ లైన్ ఎక్కొచ్చు. హీత్రోకి వెళ్తుంటే ముందు వచ్చిన రైలు అటు వెళ్లకపోయినా పర్వాలేదు, వైట్‌చాపెల్‌లో దిగి అదే ప్లాట్‌ఫాం మీద హీత్రో రైలు కోసం ఆగితే చాలు, సూట్‌కేసులతో మెట్లెక్కే పని లేదు. హీత్రోకి వెళ్లే పికడిల్లీ ట్యూబ్ లైన్ కంటే టికెట్ ఎక్కువవుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. హౌన్స్‌లో అనే ఏరియా వాళ్లకి పికడిల్లీ ఆగితే హౌన్స్‌లో రైల్వే స్టేషన్ నుంచి వాటర్‌లూకి రైలుంది. వెంబ్లీ పార్క్‌లో మెట్రోపాలిటన్ లైన్ లేకపోతే జూబిలీ లైన్ ఉందేమో చూడండి, అవి పక్కపక్కనే వెళ్లినా పట్టాలు వేరు.

అసలు ఎందుకు మూస్తారో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది, నాకు తగ్గింది. ట్యూబ్ మొదలైంది 1863లో. రాత్రి ఆఖరి రైలు వెళ్లాక, తెల్లవారుజామున మొదటి రైలు వచ్చేలోపు దొరికేది మహా అయితే నాలుగు గంటలు. ఆ కాస్త సమయంలోనే కరెంటు ఆపాలి, సామాను లోపలికి మోసుకెళ్లాలి, పని చేయాలి, మళ్లీ ఒక్క స్పానర్ కూడా పట్టాల మీద మిగలకుండా అన్నీ బయటికి తేవాలి, కరెంటు ఇవ్వాలి. స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు), కంకర తీసేసి, కింద నీళ్లు పోయే దారి సరిచేసి, కొత్త పట్టాలు వేసి వెల్డింగ్ చేయడం అంత సేపట్లో అయ్యే పని కాదు, అందుకే శని, ఆదివారాలు తీసుకుంటారు.

సిగ్నల్స్ పని ఇంకో రకం. పాత పద్ధతిలో ట్రాక్‌ని ముక్కలుగా విడదీసి, ఒక ముక్కలో ఒక రైలు ఉంటే అది దాటేదాకా వెనకున్న రైలుకి ఎర్ర దీపం చూపిస్తారు. ఎడ్జ్‌వేర్ రోడ్‌లో అయితే 1926 నాటి లివర్లను మనుషులు చేత్తో లాగే సిగ్నల్ క్యాబిన్ ఈమధ్య దాకా పనిచేసింది. కొత్త పద్ధతిలో ప్రతి రైలూ తాను ఎక్కడుందో రేడియోలో కంప్యూటర్‌కి చెప్తూ ఉంటుంది, నువ్వు ఇంతవరకు వెళ్లొచ్చు అని కంప్యూటర్ తిరిగి చెప్తుంది. కాబట్టి రైళ్లు దగ్గర దగ్గరగా నడవొచ్చు. హైదరాబాద్ మెట్రోకి కట్టేటప్పుడే ఈ రకం పెట్టారు. ఇక్కడ నడుస్తున్న పాత లైనుకి పెట్టాలి, కష్టమంతా అందులోనే ఉంది. డిస్ట్రిక్ట్, సర్కిల్, మెట్రోపాలిటన్, హామర్‌స్మిత్ అండ్ సిటీ, ఈ నాలుగు లైన్లకీ ముక్క తర్వాత ముక్క మారుస్తూ వస్తున్నారు, మొదటి ముక్క హామర్‌స్మిత్ దగ్గర 2019 మార్చిలో మొదలైంది.

మూసేశామని చెప్పిన రోజు ఖాళీ రైలు వెళ్తూ కనబడితే 'నడుస్తూనే ఉందిగా, మనల్నెందుకు ఎక్కనివ్వరు' అని స్టాఫ్‌తో గొడవ పెట్టుకోకండి. సిగ్నల్ పని జరిగేటప్పుడు అది టెస్ట్ రైలు అయి ఉంటుంది. మన పిల్లల్ని ఎక్కించే ముందు దాన్ని ఖాళీగా నడిపి చూడడమే మంచిది.

ఇంత చేస్తే వచ్చేదేంటి అంటే విక్టోరియా లైన్ చూడండి. 2015 ఆగస్టులో మూడు వారాల పాటు వాల్తమ్‌స్టో సెంట్రల్ నుంచి సెవెన్ సిస్టర్స్ దాకా మూసేసి, రైళ్లు ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మారే చోటుని మళ్లీ కట్టారు. అప్పటికే కొత్త సిగ్నల్స్ ఉన్నా, చివరి స్టేషన్ దగ్గర రైలు మెల్లగా మారుతుంటే వెనకవి ఆగాల్సి వచ్చేది. ఆ అడ్డు పోయాక 2017 నుంచి రద్దీ వేళల్లో గంటకి 36 రైళ్లు, అంటే 100 సెకన్లకొకటి. ఒకటి పోతే ప్లాట్‌ఫాం మీద పరిగెత్తక్కర్లేదు.

సరే, మూసిన లైను బదులు నడిపే రీప్లేస్‌మెంట్ బస్సు సంగతి. దానికి కార్డు టచ్ చేయక్కర్లేదు. ఒకే మూసివేతకి రెండు మూడు రూట్లు ఉండొచ్చు, ఒకటి అన్ని స్టేషన్ల దగ్గరా ఆగితే ఇంకోటి ఆగకపోవచ్చు, ఎక్కేముందు డ్రైవర్‌ని అడగండి. ట్రాఫిక్‌లో వెళ్తుంది కాబట్టి ట్యూబ్‌కి పట్టే సమయానికి రెట్టింపు వేసుకోండి. రెండు పెద్ద సూట్‌కేసులు, పుష్‌చెయిర్ ఉంటే దాని జోలికి పోకండి, చోటు చాలదు. ఇంటర్వ్యూ గానీ ఫ్లైట్ గానీ ఉంటే రెండో దారి కూడా రాసి పెట్టుకోండి.

స్టేషన్‌లో కార్డు టచ్ చేసే ముందే బోర్డు చూడండి, టచ్ చేసి లోపలికెళ్లి రైలు లేదని అక్కడే బయటికొస్తే డబ్బులు కట్ కావొచ్చు. ముందే చెప్పి మూసినదానికి రీఫండ్ రాదు. చెప్పకుండా 15 నిమిషాలో అంతకంటే ఎక్కువో ట్యూబ్ ఆలస్యమైతే మాత్రం 28 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అడగండి.

సోమవారం పొద్దున ఇంకో పది నిమిషాలు ముందు బయల్దేరండి. కొత్తగా వేసిన పట్టాల మీద కొన్ని రోజులు రైలుని నెమ్మదిగా పోనిస్తారు.